గొట్టం అందని చోట

హైదరాబాద్ జలమండలి 2017లో 70 చిన్న జెట్టింగ్ యంత్రాలను, అంటే ఒత్తిడితో నీరు చిమ్మి పైపు అడ్డును తొలగించే బండ్లను, రోడ్డెక్కించింది. పెద్ద బండ్లు దూరలేని సందుల్లో కూడా మురుగు పైపులను యంత్రంతోనే శుభ్రం చేయాలన్నది ఆలోచన. దళిత పారిశ్రామికవేత్తల సంఘం డిక్కీతో చేతులు కలిపి, దళితులనే ఆ బండ్లకు యజమానులను చేయడం అందులోనే ఉన్న మరో ఆలోచన. 2019లో ఢిల్లీ అదే బాటలో 200 యంత్రాలను దింపింది. అయినా 2025 జనవరి 29న సుప్రీంకోర్టు హైదరాబాద్‌తో సహా ఆరు మహానగరాల పేర్లు చెప్పి, మురుగు లైన్లను మనుషులతో శుభ్రం చేయించడం ఆపాలని ఆదేశించవలసి వచ్చింది.

యంత్రాలు వచ్చాక కూడా మనిషి ఎందుకు దిగుతున్నాడు? యంత్రాలు చాలవు, అధికారులకు పట్టదు అని మామూలుగా రెండు జవాబులు వినిపిస్తాయి. రెండింటిలోనూ నిజముంది. మూడో జవాబు మాత్రం బండి పక్కన మీటలు పట్టుకుని నిలబడే ఆపరేటర్ పనిలో ఉంది. బండి కొన్న రోజునే పని యంత్రానిదైపోయిందని కార్యాలయాలు లెక్క రాసుకుంటాయి. కానీ యంత్రం ఎంత లోతుకు పోగలదు, ఏ అడ్డును కదిలించగలదు, ఎక్కడ ఆగిపోతుంది అన్నవి నూటికి సగం ఆ మనిషి నేర్పు మీద ఆధారపడి ఉంటాయి. యంత్రం ఆగిన చోటే ఎవరో ఒకరు మ్యాన్‌హోల్‌లోకి కాలు పెడతారు. అందుచేత ఆపరేటర్ నేర్పును, అతనికి ‘ఆపండి’ అనే హక్కు ఉందో లేదో అన్న సంగతిని పక్కనపెట్టి యంత్రీకరణ గురించి మాట్లాడటం వృథా.

పీల్చడంలో ఉన్న హద్దు

వాక్యూమ్ బండి మురుగును లాగుతుందని అంటాం గానీ, అది లాగేది గాలిని మాత్రమే. బండి ఇంజను శక్తిని పక్క యంత్రానికి మళ్లించే పీటీఓ అనే అమరిక ద్వారా శక్తి అందుకున్న పంపు, ట్యాంకులోని గాలిని బయటికి తోడేస్తుంది. లోపల ఒత్తిడి తగ్గగానే, బయట మురుగు మీద ఉన్న వాతావరణ ఒత్తిడి దాన్ని గొట్టంలోకి నెడుతుంది. ఈ చిన్న తేడాలోనే బండి శక్తికి హద్దు ఉంది. ఎంత పెద్ద పంపు పెట్టినా వాతావరణం నెట్టగలిగినంతకు మించి నీటి కంభం పైకి లేవదు. సముద్ర మట్టం దగ్గర అది సుమారు 10.3 మీటర్లు. సుమారు 540 మీటర్ల ఎత్తున ఉన్న హైదరాబాద్‌లో గాలి పలచన కాబట్టి 9.7 మీటర్ల దగ్గరే ఆగుతుంది. అదే బండి విజయవాడలో కాస్త మెరుగ్గా పనిచేస్తుందన్నమాట.

ఇది కాగితం మీది లెక్క. ఏ పంపూ ట్యాంకును పూర్తిగా శూన్యం చేయలేదు. ఎనభై శాతం వరకు తోడినా హైదరాబాద్‌లో మిగిలేది ఎనిమిది మీటర్ల లోపు. పైకి రావలసింది నీరు కాదు, ఇసుక కలిసిన పూడిక. దాని సాంద్రత నీటికి ఒకటింపావు రెట్లు ఉందనుకుంటే ఎత్తు ఆరు మీటర్లకు పడిపోతుంది. ట్యాంకు నోరు రోడ్డుకు రెండు మీటర్ల పైన ఉంటుంది కనుక అదీ తీసేయాలి. చివరికి రోడ్డు మట్టం నుంచి నాలుగు మీటర్ల లోతు దాటితే, నిండుగా ముంచిన గొట్టంతో చిక్కటి పూడిక రావడం కష్టం. పెద్ద ట్రంకు లైన్ల మ్యాన్‌హోళ్లు అంతకన్నా లోతుగా ఉండటం మామూలే.

అనుభవం ఉన్న ఆపరేటర్ ఈ హద్దును కొంత జరుపుతాడు. గొట్టం మూతిని పూడికలో పూర్తిగా ముంచడు. పై పొరకు ఆనీ ఆననట్టు పట్టి, మురుగుతో పాటు గాలి కూడా బుడబుడమని లోపలికి పోయేలా చూస్తాడు. గాలి కలిసిన కంభం తేలికై ఇంకా ఎత్తుకు లేస్తుంది. కొత్తవాడు అదే గొట్టాన్ని అడుగు దాకా గుచ్చి, గేజ్ ముల్లు చివరికి పోయినా ఏమీ రావడం లేదని పంపును తిట్టుకుంటాడు. ఇద్దరి చేతిలో ఉన్నది ఒకే బండి. ఒకరి పని పావుగంటలో అవుతుంది. రెండోవారి దగ్గర పని ఆగి, చుట్టూ జనం పోగై, కర్రతో కాస్త కదిలిస్తే వస్తుందని ఎవరో సలహా ఇస్తారు. ప్రమాదాలకు మొదలు చాలాసార్లు అలాంటి సలహానే.

బండి లోపల జరిగేది కూడా తెలిసి ఉండాలి. ట్యాంకు నిండేసరికి మురుగు పంపులోకి పోకుండా అడ్డుకోవడానికి తేలే బంతి ఒకటి ఉంటుంది. దాని వెనుక తేమను పట్టే డబ్బా ఉంటుంది. ఆ డబ్బా రోజూ ఖాళీ చేయకపోతే, బంతికి జిడ్డు పట్టి ఇరుక్కుంటే, మురుగు నేరుగా పంపులోకి చేరి లోపలి రెక్కలను తినేస్తుంది. పంపు ఆయిల్ రంగు తెల్లబారి పాలలా కనిపించిందంటే నీరు కలిసినట్టే. దీన్ని పొద్దునే చూసేవాడి బండి ఏళ్ల తరబడి నడుస్తుంది. చూడనివాడి బండి షెడ్డులో ఉన్న రోజున ఆ వార్డులో పని చేతులతోనే జరుగుతుంది.

నీటి దెబ్బ

పీల్చడం సగం పనే. రెండో సగం జెట్టింగ్. సన్నని గొట్టం చివర ఇత్తడి లేదా ఉక్కు నాజిల్ ఉంటుంది. దాని రంధ్రాలు ఎక్కువగా వెనక్కి తిరిగి ఉంటాయి. వంద బార్లు (ఒక బారు సుమారుగా వాతావరణ ఒత్తిడి అంత), అంతకన్నా ఎక్కువ ఒత్తిడితో వెనక్కి చిమ్మే నీరు రెండు పనులు చేస్తుంది: నాజిల్‌ను పైపులో ముందుకు ఈడ్చుకుపోతుంది, పూడికను వెనక్కి కొట్టుకువస్తుంది. కాబట్టి పని ఎప్పుడూ దిగువ మ్యాన్‌హోల్ నుంచి మొదలవ్వాలి. నాజిల్ ప్రవాహానికి ఎదురు వెళ్తుంది, మట్టి కిందికి జారి ఆపరేటర్ ముందున్న గుంటలోకి చేరుతుంది, పీల్చే గొట్టం దాన్ని అందుకుంటుంది. అడ్డు ఉన్న చోట దిగువ మ్యాన్‌హోల్ దాదాపు ఖాళీగా ఉంటుంది. పొంగేది ఎగువది. పొంగే చోటనే పని చేయమని ఫిర్యాదుదారు పట్టుబడతాడు, ఎందుకంటే మురుగు ఆయన గుమ్మం ముందు ఉంది. బండిని యాభై మీటర్లు అవతల నిలిపిన ఆపరేటర్ పని ఎగ్గొడుతున్నట్టు కనిపిస్తాడు.

ఒత్తిడి ఎంత పెట్టాలన్నది ఇంకో చిక్కు. పాత బస్తీల్లో ఇప్పటికీ మట్టిని కాల్చి చేసిన స్టోన్‌వేర్ పైపులు ఉన్నాయి. వాటి అతుకులు బలహీనం. గట్టి అడ్డును పగలగొట్టే ఒత్తిడే ఆ అతుకులను ఊడగొట్టవచ్చు. నాజిల్ ఒకే చోట ఎక్కువసేపు నిలిస్తే పక్క ఇంటి కనెక్షన్‌లోకి గాలి, నీరు తన్ని మరుగుదొడ్డి నుంచి మురుగు పైకి చిమ్మిన సందర్భాలు ఆపరేటర్లందరికీ తెలుసు. పెద్ద పైపులో చిన్న నాజిల్ వాడితే అది లోపలే వెనక్కి తిరిగి, వచ్చిన దారినే మ్యాన్‌హోల్ నోటి వైపు దూసుకురావచ్చు. అందుకే గొట్టానికి, నాజిల్‌కు మధ్య పైపు వ్యాసం కన్నా పొడవైన గట్టి గొట్టపు ముక్క పెడతారు. పెట్టాలి అనడం సరైనది. అది అరిగిపోయాక కొత్తది రావడానికి ఎన్ని సంతకాలు కావాలో ఆయా కార్యాలయాలకే తెలియాలి.

వెనక్కి వచ్చే నీటి రంగును చదవడం ఈ పనిలో అన్నింటికన్నా విలువైన విద్య. నల్లగా వస్తే నిలవ మురుగు. తెల్లని జిడ్డు గడ్డలు వస్తే పైన ఎక్కడో హోటలు ఉంది, జిడ్డును లైనులోకి పోకుండా ఆపే దాని తొట్టి (గ్రీజ్ ట్రాప్) పనిచేయడం లేదు. బూడిద రంగు ముద్దలు వస్తే ఎవరో ఇల్లు కడుతూ సిమెంటు కడిగిన నీళ్లు వదిలారు. ఎర్రమట్టి వచ్చి, ఎంత కొట్టినా ఆగకుండా వస్తూనే ఉందంటే అది పూడిక కాదు. పైపు పగిలింది, చుట్టూ ఉన్న నేల లోపలికి జారుతోంది. అక్కడ జెట్టింగ్ కొనసాగిస్తే రోడ్డు కింద డొల్ల పెరుగుతుంది. కొన్నాళ్లకు ఒక లారీ చక్రం అందులో కూరుకుపోతుంది. ఎర్రమట్టిని చూసి పని ఆపిన ఆపరేటర్ ఒక రోడ్డును కాపాడాడు. అతని రోజువారీ కాగితంలో మాత్రం అది ‘పని కాలేదు’ అనే లెక్కలోకి పోతుంది.

ఒక చిన్న బండి ఆపరేటర్ ఏడాదిలో తన ప్రాంతంలోని పైపుల గురించి తెలుసుకునేది ఏ పటంలోనూ ఉండదు. ఏ లైను వాలు తప్పింది, ఏ మ్యాన్‌హోల్‌ను తారు కింద పూడ్చేశారు, ఏ అపార్ట్‌మెంటు వాన నీటి పైపును మురుగు లైనులో కలిపింది అన్నవన్నీ అతనికి తెలుసు. ఒప్పందం ముగిసి అతను మారితే ఆ జ్ఞానం అతనితోనే వెళ్లిపోతుంది. ఇంత చవకగా దొరికే సమాచారాన్ని ఇంత నిర్లక్ష్యంగా పారేసుకునే శాఖలు, సర్వేల కోసం కన్సల్టెంట్లకు డబ్బు చెల్లించడానికి మాత్రం వెనుకాడవు.

వాసన ఆగిపోయిన క్షణం

నిలవ మురుగులో ప్రాణవాయువు అయిపోయాక కొన్ని సూక్ష్మజీవులు సల్ఫేట్లను విడగొట్టి హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువును తయారు చేస్తాయి. కుళ్లిన కోడిగుడ్ల వాసన దానిదే. పది లక్షల భాగాల గాలిలో ఒక భాగం కన్నా తక్కువ ఉన్నా ముక్కు పసిగడుతుంది. అయితే వంద భాగాలకు చేరేసరికి కొద్ది నిమిషాల్లోనే ముక్కు మొద్దుబారిపోతుంది, వాసన తెలియదు. ప్రాణానికి తక్షణ ముప్పుగా నిపుణులు లెక్కించే మోతాదు కూడా అదే వంద. ఐదు వందలు దాటితే స్పృహ తప్పుతుంది. వెయ్యికి చేరువైతే ఒకటి రెండు శ్వాసలకే మనిషి కూలిపోతాడు. ‘ఇందాక వాసన వచ్చింది, ఇప్పుడు పోయింది, దిగొచ్చు’ అన్న మాట ఎంత ప్రాణాంతకమో దీన్నిబట్టి తెలుస్తుంది. మూత తీసి కాసేపు వదిలితే గ్యాస్ పోతుందన్న నమ్మకం కూడా సగమే నిజం. ఈ వాయువు గాలి కన్నా కొంచెం బరువు. లోతైన గుంటలో గాలి ఆడకపోతే అడుగునే తచ్చాడుతుంది.

యంత్రం వచ్చాక ఈ ప్రమాదానికి కొత్త కోణం ఒకటి చేరింది. దీని గురించి శిక్షణల్లో చెప్పేది తక్కువ. వాయువులో చాలా భాగం పూడికలోనూ, మురుగు నీటిలోనూ కరిగి, బంధించబడి ఉంటుంది. జెట్ కొట్టి కలియబెట్టగానే అది ఒక్కసారిగా విడుదలవుతుంది. పని మొదలుపెట్టే ముందు గ్యాస్ మీటరు పెట్టి చూసినప్పుడు అంతా బాగుందని తేలిన మ్యాన్‌హోల్, పది నిమిషాల జెట్టింగ్ తర్వాత మృత్యుకూపం కావచ్చు. యంత్రంతో తొంభై శాతం పూర్తి చేసి, మిగిలిన పది శాతానికి మనిషిని దింపడం అన్నింటికన్నా ప్రమాదకరమైన పద్ధతి అవుతున్నది ఇందుకే. అసలు యంత్రం ముట్టని గుంట కన్నా, యంత్రం అప్పుడే కలిపిన గుంట ఎక్కువ విషపూరితం.

పంపు తోడేసిన గాలి ఎక్కడికి పోతుందన్నది ఇంకో ప్రశ్న. ట్యాంకులోకి చేరిన మురుగు నుంచి వెలువడే వాయువంతా పంపు పొగగొట్టం ద్వారా బయటికి వస్తుంది. చాలా బండ్లలో అది ఆపరేటర్ నిలబడే చోటికి దగ్గరలోనే ఉంటుంది. గాలి వాటం చూసి బండి నిలపడం చాదస్తం కాదు. మీథేన్ గాలిలో ఐదు శాతం దాటితే నిప్పురవ్వ చాలు. మూత తీసిన మ్యాన్‌హోల్ పక్కన బీడీ వెలిగించే వీధి పెద్దమనుషులను దూరంగా పంపడం కూడా ఈ ఉద్యోగంలో భాగమే.

ట్యాంకు సంగతి మరీ మరచిపోతారు. పూడిక నింపిన ట్యాంకును వెనుక తలుపు తెరిచి వంచినా, అడుగున గట్టిపడిన ఇసుక జారదు. అప్పుడు పార పట్టుకుని ఎవరో లోపలికి పాకుతారు. అది కూడా గాలి ఆడని, విషవాయువు నిండిన గదే. మ్యాన్‌హోల్‌లోకి మనిషిని దింపలేదని గర్వంగా చెప్పుకునే చోట కూడా ట్యాంకులోకి పాకిన మనిషిని ఎవరూ లెక్కించరు. ఇక ఇసుక బరువు వేరే కథ. ఐదు వేల లీటర్ల నీరు ఐదు టన్నులు. నీటిని తిరిగి లైనులోకి వంచి పూడికనే నింపుకుంటే అదే ట్యాంకు ఏడెనిమిది టన్నులు మోయవలసి వస్తుంది. నిండిందా లేదా అని అద్దంలో చూస్తే సరిపోదు. ఏమి నిండిందో తెలియాలి.

గాయాల్లో ఒకటి ప్రత్యేకంగా చెప్పుకోదగ్గది. జెట్ గొట్టానికి సూది మొన అంత చిల్లు పడి, ఆ ధార చేతికి తగిలితే పైకి చిన్న ఎర్రటి చుక్క మాత్రమే కనిపిస్తుంది. నొప్పి కూడా మొదట తక్కువే. కానీ నీరు, దానితో పాటు మురుగు చర్మం కింద కండరాల దాకా చొచ్చుకుపోయి ఉంటుంది. గంటల వ్యవధిలో శస్త్రచికిత్స అవసరమయ్యే గాయం అది. కట్టు కట్టించుకుని ఇంటికి పోతే వేలో చెయ్యో పోవచ్చు. ఆస్పత్రిలో ‘నీళ్ల గొట్టం తగిలింది’ అని చెప్పకుండా ‘ఎక్కువ ప్రెజర్ ఉన్న మురుగు నీరు చర్మం లోపలికి పోయింది’ అని చెప్పాలి. ఇక ఎలుకల మూత్రం నుంచి సోకే లెప్టోస్పైరోసిస్ వానాకాలంలో మామూలు జ్వరంలానే మొదలవుతుంది. ఏ పని చేస్తావని వైద్యుడు అడగకపోతే రోగే చెప్పాలి.

చట్టం రాసిన గీత

చేతులతో మలమూత్రాలు ఎత్తే పనిని నిషేధించిన 2013 నాటి చట్టం, మురుగు లైన్లు, సెప్టిక్ ట్యాంకుల ప్రమాదకర శుభ్రతను నిషేధించింది. ఆ ఏడాదే వచ్చిన నిబంధనలు మనిషి దిగడానికి కొన్ని సందర్భాలను మాత్రమే మిగిల్చాయి: యంత్రం పెట్టడానికి వీల్లేకుండా అడ్డుపడిన కాంక్రీటు మూతను తీయడం, 300 మిల్లీమీటర్లకు మించిన పైపులో కొత్త లైనును పాతదానితో కలపడం, బావి అడుగున ఉన్న సబ్‌మెర్సిబుల్ పంపును తీయడం, మ్యాన్‌హోల్‌ను తిరిగి కట్టడం లేదా లైనును సరిచేయడం. ఇవి కాక మరే సందర్భంలోనైనా దింపడం పూర్తిగా తప్పనిసరి అయితే, స్థానిక సంస్థ ముఖ్య కార్యనిర్వహణాధికారి నిర్దిష్ట కారణాలు రాసి అనుమతించాకే. జాగ్రత్తగా చదివితే ఇందులో ‘పూడిక రాకపోతే’ అని పేరుపెట్టి చెప్పిన మినహాయింపు లేదు. అడ్డు కదలకపోతే దిగి కదిలించవచ్చని చట్టం ఎక్కడా అనలేదు.

చేతులతో మలమూత్రాలు ఎత్తే పనిని అంతం చేయాలని పోరాడే సంస్థ సఫాయి కర్మచారి ఆందోళన్ వేసిన కేసులో 2014 మార్చి 27న సుప్రీంకోర్టు ఇంకో మెట్టు ముందుకు వెళ్లింది. అత్యవసర పరిస్థితిలోనైనా రక్షణ సామగ్రి లేకుండా మురుగు లైనులోకి దింపడాన్ని నేరంగా పరిగణించాలంది. మరణించినవారి కుటుంబాలకు 10 లక్షలు ఇవ్వాలని చెప్పింది. 2023 అక్టోబరు 20న ఆ మొత్తాన్ని 30 లక్షలకు పెంచింది. కేసు వేసిన ఆ సంస్థ వెనుక తెలుగు నేలతో ముడిపడినవారి శ్రమ ఎంతో ఉంది. కోలారు బంగారు గనుల తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్, ఆంధ్రప్రదేశ్‌లో పనిచేసి ప్రజల అధికారిగా పేరుపొందిన ఐఏఎస్ ఎస్.ఆర్.శంకరన్ దాన్ని నిలబెట్టినవారిలో ముఖ్యులు.

తీర్పులు గట్టివే. అయినా 2019 నుంచి 2023 వరకు మురుగు లైన్లు, సెప్టిక్ ట్యాంకుల శుభ్రతలో 377 మంది చనిపోయారని కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. 2022, 2023 మరణాల్లో 54 కేసులను సామాజిక తనిఖీ చేస్తే 49 మందికి ఏ రక్షణ సామగ్రీ లేదని తేలింది. పారిశుద్ధ్య పనుల యంత్రీకరణకు కేంద్రం తెచ్చిన నమస్తే పథకం కింద వివరాలు నమోదైన మురుగు, సెప్టిక్ ట్యాంకు కార్మికుల్లో 90 శాతానికి పైగా ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ వర్గాలవారు. యంత్రం చేతికి వచ్చినా పని ఎవరిదో మారలేదు. పిలిచే గొంతు కూడా మారలేదు.

రాత్రి పూట ఒక సందులో ఏమి జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. మురుగు ఇళ్లలోకి వస్తోంది. కార్పొరేటర్ ఫోను చేశాడు. కింది స్థాయి అధికారి నిలబడి ఉన్నాడు. గుడ్డల మూటో, ఇటుక ముక్కో ఇరుక్కుని జెట్‌కు కదలడం లేదు. ముఖ్య అధికారి రాతపూర్వక అనుమతి అన్న మాట అక్కడ ఎవరి నోటా రాదు. హెల్పర్ ఇరవై ఏళ్ల కుర్రవాడు, రోజు కూలీ. ‘ఒక్క నిమిషం దిగు’ అన్న మాట చెవిన పడినప్పుడు, ‘దిగడు’ అని చెప్పగలిగిన స్థానంలో ఉన్నది ఆపరేటరే, ఎందుకంటే లోపల జెట్ ఎంతసేపు కొట్టాడో, ఎంత వాయువు లేచి ఉంటుందో తెలిసినవాడు అతనొక్కడే. కానీ అతనూ ఔట్‌సోర్సింగ్ మనిషే. మాట కాదంటే రేపు బండి మీద వేరొకరు ఉంటారు. సొంత బండి ఉన్నవాడైతే నెల వాయిదా గుర్తుకొస్తుంది. యాజమాన్యం ఇవ్వడం గొప్ప అడుగే, కాదనలేం. అయితే అప్పుతో వచ్చిన యాజమాన్యం, బిల్లు ఎప్పుడు పాసవుతుందో తెలియని యాజమాన్యం, కాదనే ధైర్యాన్ని దానంతట అది ఇవ్వదు.

సెప్టిక్ ట్యాంకు ఊళ్లు

ఇదంతా భూగర్భ డ్రైనేజీ ఉన్న నగరం కథ. తెలుగు రాష్ట్రాల్లోని చాలా పట్టణాలకు అది లేదు. అక్కడ వాక్యూమ్ బండి అంటే గోడల మీద ఫోను నంబరు రాసిపెట్టుకున్న ప్రైవేటు సెప్టిక్ ట్యాంకు బండి. రెండు మూడేళ్లకోసారి ట్యాంకు తోడించాలని ప్రభుత్వ మార్గదర్శకాలు చెబుతాయి. ఇంటివారు మాత్రం మరుగుదొడ్డి పొంగినప్పుడే ఫోను చేస్తారు, అది పదిహేనేళ్లకు కావచ్చు. అప్పటికి అడుగు గట్టిపడి మట్టిలా ఉంటుంది. పీల్చే గొట్టానికి రాదు. నీళ్లు పోసి, గడ్డపారతో పొడిచి, చివరికి ఎవరో దిగి. ఆ దిగినవాడు తిరిగి రాకపోతే తీయడానికి రెండోవాడు, మూడోవాడు. ఈ ప్రమాదాల వార్తల్లో చనిపోయినవారు తరచుగా ఇద్దరు ముగ్గురుగా ఉండటానికి కారణం అదే. నియమం ప్రకారం తోడిస్తే ఈ ఘట్టమే రాదు. మహారాష్ట్రలోని వాయి, సిన్నర్ పట్టణాలు ఇంటింటికీ వరుస పెట్టి, ఎవరూ ఫోను చేయకముందే బండి పంపే పద్ధతి పెట్టుకున్నాయి. దిగవలసిన అవసరాన్ని ముందే తీసేసే పద్ధతి అది. రక్షణ సూట్లు కొనడం కన్నా ఇది మేలు.

చాలా ఇళ్లలో సెప్టిక్ ట్యాంకు అని పిలిచేది నిజానికి సిమెంటు ఒరలు దించిన గుంట, దానికి అడుగు ఉండదు. డెల్టా ప్రాంతంలో భూగర్భ జలం రెండు మూడడుగుల లోనే ఉన్న చోట అలాంటి గుంటను తోడుతుంటే చుట్టూ ఉన్న నీరు ఊరుతూనే ఉంటుంది. బండి నిండేది నీటితో, మలం అడుగునే ఉంటుంది. ప్లాస్టిక్ ట్యాంకులైతే అక్కడ వేరే ముప్పు: వానాకాలంలో పూర్తిగా ఖాళీ చేస్తే నేల నీటి ఒత్తిడికి ట్యాంకే పైకి లేచిపోతుంది. తెలిసిన ఆపరేటర్ కొంత వదిలేస్తాడు. డబ్బు ఇచ్చిన ఇంటాయన అడుగు దాకా తోడలేదని గొడవ పడతాడు.

తోడినది ఎక్కడ పోయాలన్నది ఈ వ్యాపారంలో ఎవరూ నోరు విప్పని భాగం. వరంగల్ 2014లోనే మల వ్యర్థాల నిర్వహణకు నిబంధనలు తెచ్చింది. దేశంలో ఆ పని చేసిన మొదటి నగరాల్లో అది ఒకటి. వరంగల్‌తో పాటు నరసాపురం లాంటి చిన్న పట్టణంలోనూ శుద్ధి కేంద్రాలు వచ్చాయి. హైదరాబాద్‌లో రోజుకు 339 మిలియన్ లీటర్ల సామర్థ్యం ఉన్న అంబర్‌పేట కేంద్రం లాంటివి ఉన్నాయి. కానీ శుద్ధి కేంద్రం పాతిక కిలోమీటర్ల దూరంలో ఉండి, ట్రిప్పుకు ఇంత అని కూలి ఉన్నప్పుడు, చీకటిపడ్డాక బండి ఊరి చివరి నాలా వైపు తిరుగుతుంది. తప్పు డ్రైవరుదే, సందేహం లేదు. కాకపోతే చివరకు వచ్చే డబ్బు పోసిన చోటును బట్టి కాకుండా తోడిన ఇంటిని బట్టి ఉన్నంత కాలం ఎంత జరిమానా వేసినా ఆ మలుపు ఆగదు. శుద్ధి కేంద్రం గేటు దగ్గర రసీదు ఇచ్చి, కూలిలో ఒక వంతు అక్కడే చెల్లిస్తే దారి దానంతట అదే మారుతుంది.

పూడిక ఎక్కడిది

ఆపరేటర్ల మీద పడే పనిలో పెద్ద భాగం మురుగు వల్ల రాదు. 1908 మూసీ వరద తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో రూపుదిద్దుకున్న హైదరాబాద్ డ్రైనేజీ, ఇళ్ల మురుగుకు ఉద్దేశించినది. ఇప్పుడు డాబాల మీద వాన నీరు అందులోకే వస్తుంది. రోడ్డు మీద నీరు నిలిచిందని జనం మ్యాన్‌హోల్ మూతలు ఎత్తేస్తారు. నీటితో పాటు ఇసుక, కంకర, ప్లాస్టిక్ లోపలికి పోతాయి. మూత తెరవడం నేరమని జలమండలి ప్రతి వానాకాలం చెబుతూనే ఉంటుంది. భారీ వాన కురుస్తుండగా వాక్యూమ్ బండి పెట్టడం గాలివానలో దీపం వెలిగించడం లాంటిది. తోడినంతసేపట్లో అంతకు పది రెట్లు వచ్చి చేరుతుంది. అయినా ఫిర్యాదులు ఆ గంటలోనే వస్తాయి కాబట్టి బండ్లు ఆ గంటలోనే పరుగెత్తుతాయి. వేసవిలో, లైన్లు ఎండి పూడిక కనబడే రోజుల్లో, డీజిల్ కేటాయింపు తగ్గుతుంది. పని తేలికగా, నిదానంగా, ఎవరినీ దింపకుండా చేయగలిగిన కాలం మాత్రం అదే.

యంత్రాల్లోనూ మేలైనవి వస్తున్నాయి. పీల్చిన నీటినే వడగట్టి మళ్లీ జెట్‌కు వాడే రీసైక్లర్ బండ్లు పెద్ద నగరాల్లో తిరుగుతున్నాయి. మంచినీటి కోసం ట్యాంకరు దగ్గరికి పోయిరావడం తప్పుతుంది కాబట్టి పని మధ్యలో ఆగదు. కేరళలో 2018లో మొదలైన బ్యాండికూట్ రోబో మ్యాన్‌హోల్ అడుగున ఉన్న రాళ్లు, గుడ్డలను యంత్రపు చేత్తో ఎత్తగలదు. జెట్‌కు కదలని వాటికి అది సరైన తోడు. జెట్టింగ్ బండి, పీల్చే బండి, అడ్డును పట్టి పైకెత్తే గ్రాబ్ యంత్రం మూడూ ఒక వార్డుకు అందుబాటులో ఉన్న చోట మనిషి దిగే అవసరం నిజంగానే అరుదైపోతుంది. సమస్య ఏమిటంటే కొనుగోళ్లు ఒక్కో యంత్రానికి ఒక్కో టెండరుగా సాగుతాయి. జెట్టింగ్ ఆగిన చోటికి గ్రాబ్ యంత్రం ఎన్ని గంటల్లో రావాలన్నది ఎవరి ఒప్పందంలోనూ ఉండదు.

అలాంటి షరతులు రాయడానికి పెద్ద ఖర్చేమీ కాదు. ట్రిప్పులకో, శుభ్రం చేసిన మీటర్లకో కాకుండా బండి సిద్ధంగా ఉన్న గంటలకు చెల్లిస్తే ఆపరేటర్‌కు తొందర ఉండదు. జెట్టింగ్ తర్వాత మీటరుతో తీసిన వాయు కొలత కాగితంలో లేకుంటే బిల్లు పాసవదని ఒక వాక్యం చేరిస్తే గ్యాస్ మీటర్లు డబ్బాల్లోంచి బయటికి వస్తాయి. ఎర్రమట్టి వస్తోందనో, అడ్డు కదలడం లేదనో ఆపిన పనికి కూడా పూర్తి చెల్లింపు ఉండి, ఆ కారణం ఇంజనీరుకు చేరి, మరమ్మతు ముఠానో, గ్రాబ్ యంత్రాన్నో పంపే బాధ్యత ఆయన మీద పడితే రాత్రి పూట సందులో ‘దిగడు’ అన్న మాటకు వెనుక ఒక కాగితం ఉంటుంది. భారీ వాహనం లైసెన్సు చూసి బండి అప్పగించే పద్ధతి పోయి, పంపు, నాజిల్, వాయువుల మీద పరీక్ష పెట్టి ధ్రువపత్రం ఇస్తే అతని జీతాన్ని డ్రైవరు జీతంగా కాకుండా నిపుణుడి జీతంగా లెక్కకట్టక తప్పదు. 2025 ఉత్తర్వు మీద మహానగరాలు కోర్టుకు ఇచ్చే ప్రమాణపత్రాల్లో యంత్రాల సంఖ్య ఎలాగూ ఉంటుంది. గడచిన ఏడాది ఎన్నిసార్లు ఆపరేటర్ పని ఆపించాడు, ఆ తర్వాత ఏ యంత్రం, ఎంతసేపటికి వచ్చింది అన్న వరుస కూడా అడిగితే ఆ సంఖ్యకు అర్థం ఏమిటో తెలుస్తుంది.